కట్ట మీద ఆగిన నల్ల కారు

ఇబ్రహీంపట్నంలో దిగేసరికి పొద్దున పదిన్నర. ఏప్రిల్ మొదటి వారం. ట్రెయిలర్ మీద కారు, కారు మీద టార్పాలిన్, టార్పాలిన్ మీద దుమ్ము. తుర్కయాంజాల్ దాటిన దగ్గర్నుంచి సాగర్ రోడ్డుకు రెండు వైపులా రంగురంగుల జెండాలే. పార్టీ జెండాలు కావు, ప్లాట్లవాళ్ల జెండాలు. కంది కోసిన చేలల్లో సున్నం కొట్టిన హద్దురాళ్లు. ఒక్క చెట్టు కూడా లేని చోట ఇంత పెద్ద బోర్డు, దాని మీద ఈతకొలను బొమ్మ. చెరువులో మాత్రం అడుగు కనిపిస్తోంది.

మేం ముగ్గురం. సుబేదార్ సాబ్ మాకు పెద్ద. డ్రైవర్‌ది శ్రీకాకుళం వైపు. నేను హవల్దార్‌ని, బండ్ల మెకానిక్‌ని, తెనాలి దగ్గర పల్లెటూరు మాది. సామాను: ఒక టెంటు, మూడు మడత మంచాలు, రెండు టూల్ బాక్సులు, ఒక గ్యాస్ సెట్టు, ఒక వైర్‌లెస్ సెట్టు. నగరానికి అవతలి వైపున్న మా యూనిట్ ఇచ్చిన ఆర్డర్ ఒక్క ముక్కే. యూనిట్ పుట్టినరోజు పండగ నాటికి కారు నడవాలి.

ఇప్పుడు నేను రిటైరై తుర్కయాంజాల్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. సాయంత్రం కింద బెంచీ మీద కూర్చుంటే చాలు, "సార్, బోర్డర్‌లో ఏం చూశారు?" అని మొదలుపెడతారు. బోర్డర్‌లో చాలా ఏళ్లు ఉన్నాను. మంచులో వేళ్లు కొయ్యబారిపోయాయి. తుపాకుల మోత విన్నాను. అవేవీ నన్ను పీడించవు. నన్ను పీడించే డ్యూటీ ఇక్కడికి అరగంట దూరంలో చేశాను. అది చెప్పబోతే "ఓ, కారు రిపేరా" అని మొహాలు వేలాడేస్తారు. వేలాడెయ్యనీ, నాకేం పోయింది.

నల్లటి విలాయతీ కారు అది. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. మా యూనిట్ మొదటి కమాండర్ తిరిగిన బండి. దాన్ని అప్పట్లో నడిపిన డ్రైవర్ ఈ ఊరి రైతు బిడ్డ. ఆనాటివాళ్లలో బతికున్నది ఆయనొక్కడే. ఊరంతా ఫౌజీ బాపు అంటారు. మేమూ బాపు అనే పిలిచాం. సరిహద్దు దగ్గర ఒకరోజు పక్కనే ఫిరంగి గుండు పడి, ఇనుప ముక్కలు ఛాతీలో దిగితే, ఆయన్ని స్టీరింగ్ ముందు నుంచి లాగి స్ట్రెచర్ మీద వేశారు. అక్కణ్ణుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి పెన్షన్ మీద ఇంటికి. మళ్లీ ఆ కారు మొహం చూడలేదు.

ఇక్కడ మీకు ఫౌజు పద్ధతి ఒకటి చెప్పాలి. బండి తెచ్చి షెడ్డులో పెట్టినంత మాత్రాన డ్రైవర్ డ్యూటీ అయిపోదు. కిందికి దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఆఫీసర్ ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టి, "గాడీ ఠీక్ హై, సాబ్" అనాలి. బండి బాగుంది అని. ఆ మాట నోట్లోంచి వస్తేనే డ్యూటీ అయినట్టు. బాపు ఆ మాట అనలేదు. అనకుండానే ముసలివాడయ్యాడు.

మా యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ సీఓ సాబ్ సన్మానం చేస్తామని కబురు పెడితే శాలువా వద్దన్నాడట. "బండి అప్పజెప్పకుండ ఇడిసిపెట్టి వచ్చిన. ఒక్కపారి నడిపి అప్పజెప్పుత. గంతే," అన్నాడట. సీఓ సాబ్ ఒప్పుకున్నాడు. చెరువు కట్ట ఈ చివర బాపు స్టీరింగ్ పట్టుకుంటాడు. ఆ చివర షామియానా కింద ఆఫీసర్లు ఉంటారు. అక్కడ దిగి ఆ ఒక్క మాట అంటాడు.

బాపు ఇంటి పక్కన, ప్లాట్లవాళ్లకు పోగా మిగిలిన చెలకలో టెంటు వేశాం. కారు దించి డ్రైవర్ స్టార్ట్ చేశాడు. టక్ టక్ టక్ మని లోపల ఎవరో గిన్నె మీద కొడుతున్న చప్పుడు. పందిట్లో నులక మంచం మీద పడుకున్న బాపు మోచేతి మీద లేచాడు. మమ్మల్ని పలకరించకుండానే అన్నాడు:

"ఉస్తాద్, గొంతు మారింది దీనికి. నా చేతిల ఉన్నప్పుడు గిట్ల దగ్గకపోతుండె."

"చూస్తాను బాపూ."

"చూసుడు గాదు. చెయ్యి."

బానెట్ ఎత్తాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలింది. ఆరు సిలిండర్లలోంచి వచ్చే పొగను ఒకచోట చేర్చి సైలెన్సర్‌కు పంపే పోత ఇనుప గొట్టం అది. మూడో నోటికీ నాలుగో నోటికీ మధ్య పగులు, దాని చుట్టూ నల్లటి మసి. పగులులోంచి వచ్చే పొగ బానెట్ కింద నుంచి నేరుగా డ్రైవర్ సీటు దగ్గరకే వస్తోంది. పాత కారు కదా, మధ్యలో రేకంతా చిల్లులే. మామూలు మనిషికైతే తలనొప్పితో పోతుంది. బాపు సంగతి వేరు. ఆయన ఊపిరితిత్తుల్లో పనిచేసేది సగం కూడా లేదు. పొయ్యి పొగ కూడా తగలకూడదని దవాఖానలో చెబితే, అవ్వ, అంటే ఆయన భార్య, పొయ్యిని దొడ్డి చివరకు మార్చేసింది.

సుబేదార్ సాబ్ వైర్‌లెస్‌లో యూనిట్‌కు చెప్పాడు, కారు వెనక్కి తెస్తామని.

"వద్దు. అక్కడే చెయ్యండి," అన్నాడు సీఓ సాబ్. "పెద్దాయన దాన్ని చూస్తూ ఉండనీ. ఓవర్."

సరే, చేశాం. కొత్త మానిఫోల్డ్ ఎక్కడా దొరకదు, అంత పాతది. దాన్ని విప్పడానికే తల ప్రాణం తోకకొచ్చింది. తుప్పు పట్టిన నట్లకు కిరసనాయిలు పట్టించి నానబెట్టాను, గ్యాస్‌తో కాల్చాను, మళ్లీ నానబెట్టాను. అన్నీ వచ్చాయి, ఒక బోల్టు మాత్రం పుటుక్కున విరిగి తల నా చేతిలోకి వచ్చింది. మిగతా ముక్క ఇంజన్ లోపలే ఉండిపోయింది. బాపు మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. తిట్టాడు. నన్ను కాదు, బోల్టును. డెక్కనీ ఉర్దూలో ఆ బోల్టు వంశాన్ని మొత్తం ఉతికి ఆరేశాడు. తిట్టడం అయ్యాక ఊపిరి ఆడక చాలాసేపు గుండె పట్టుకుని కూర్చున్నాడు.

బస్టాండ్ దగ్గర వెల్డింగ్ షాపులో అతుకు వేయించాం. పోత ఇనుముకు అతుకు నిలవదని నాకు తెలుసు, సుబేదార్ సాబ్‌కు చెప్పాను కూడా. "ప్రయత్నం చెయ్యి," అన్నాడు. ఇంజన్ వేడెక్కగానే అతుకు పక్కనే ఇంకో పగులు వచ్చింది. ఇక పాతదాన్ని అచ్చుగా పెట్టి కొత్తది పోయించడం తప్ప దారి లేదు. నగరంలో ఒక ఫౌండ్రీ పట్టుకున్నాం. డ్రైవర్ ఆ ఇనుప గొట్టాన్ని గోనెసంచిలో చుట్టుకుని షేర్ ఆటోలో ఎల్బీ నగర్ దాకా ఒళ్లో పెట్టుకుని పోయేవాడు. ఒకసారి ఆటోలో పక్కనున్న ఆమె, "ఏందన్నా గది, మేకపోతు తలకాయనా?" అని అడిగిందట. తెచ్చిన మొదటి పోతలో గాలి బుడగ పడి బొక్క. మళ్లీ పోయించాం. రెండోది బాగా వచ్చింది. కొట్టి చూస్తే గంటలా మోగింది. ఆ రోజు సుబేదార్ సాబ్ మా ఇద్దరికీ మాంసం తెప్పించాడు.

ఈ లోపల బాపు తన డ్యూటీకి తయారవుతున్నాడు. రోజూ ఎండ ఎక్కకముందు అవ్వ భుజం పట్టుకుని మంచం దగ్గర్నుంచి కారు వైపు నడిచేవాడు. మొదట్లో పందిరి గుంజ దాకా వచ్చి కూలబడేవాడు. తర్వాత టెంటు దాకా. మధ్యలో నిలబడి డ్రైవర్‌ని ప్రశ్నలు వేసేవాడు. "క్లచ్ గట్టిగున్నదా? రెండో గేర్ ఇంక తిరగబడుతున్నదా?" అవ్వ విసుక్కునేది.

"నన్ను లగ్గం చేసుకున్ననాడు గూడ గింత ఖుషీగ లేడు కొడుకా ఈ మనిషి. ఆ కారుతోనే కాపురం చెయ్యకపోయినవయ్యా!"

"ఇస్తే చేసెటోన్నే," అనేవాడు బాపు.

అవ్వ మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టేది. ఆమె నన్ను కొడుకా అనేది. ఒకరోజు గొట్టానికీ ఇంజన్‌కూ మధ్య పెట్టే గాస్కెట్ కోస్తుంటే దగ్గరికొచ్చి కూర్చుంది.

"నేను కట్ట మైసమ్మకు మొక్కిన," అంది. "బండి కదిలిననాడు సాక పోస్త తల్లీ అని."

"సాక అంటే ఏంటమ్మా?" మా వైపు ఆ మాట లేదు.

"కడవల నీళ్లు, పసుపు, బెల్లం, ఏపాకులు. తల్లి ముంగట ధార పోస్తే ఆమె వేడి చల్లారి మనల్ని సల్లగ జూస్తది. గంత తెల్వదా నీకు? ఏం ఫౌజు కొడుకా మీది!"

విరిగిన బోల్టు ముక్కకు సరిగ్గా నడిమధ్యలో డ్రిల్లు వేసి బయటికి లాగాను. గాస్కెట్ పెట్టి, కొత్త మానిఫోల్డ్ ఎక్కించి, నడిమి నట్లు మొదట, చివరి నట్లు తర్వాత, కొంచెం కొంచెంగా బిగించాను. నడిపి, చల్లారనిచ్చి, మళ్లీ బిగించాను. స్టార్ట్ చేశాం. టక్ టక్ లేదు. మెత్తగా, ఒకే తీరుగా మోగుతోంది. బాపు ఆ రోజు ఎవరి భుజమూ పట్టుకోకుండా కారు దాకా వచ్చాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"అవ్. గదే గొంతు," అన్నాడు. ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి.

పండగ రోజు పొద్దున ఎనిమిదికి బయల్దేరాం. బాపు ఇస్త్రీ చొక్కా, మెడళ్లు. ముందు సీట్లో ఆయన, స్టీరింగ్ దగ్గర మా డ్రైవర్, వెనక సాక కడవ ఒళ్లో పెట్టుకుని అవ్వ, పక్కన నేను. సుబేదార్ సాబ్ వైర్‌లెస్ సెట్టుతో కట్ట దగ్గరకు ముందే వెళ్లాడు. బజారంతా జనం. అందరూ ఆపి బాపుకు దండం పెట్టేవాళ్లే. మొదటి గేర్లో పాక్కుంటూ పోయాం. కట్ట మొదట్లో ఉన్న మైసమ్మ గుడి దగ్గరకు చేరేసరికి ఇంజన్ బాగా కాగిపోయింది. మానిఫోల్డ్ అసలే కాలే వస్తువు, అందులో ఏప్రిల్ ఎండ.

అవ్వ దిగి అమ్మవారి ముందు సగం కడవ సాక పోసింది. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టించింది. బాపు కారులోంచే అన్నాడు, "ఉస్తాద్, బానెట్ లేపు. ఇంజన్‌కు బొట్టు పెట్టాలె." డ్రైవర్లందరూ పెడతారు, కొత్తేం కాదు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆపితే వేడికి మళ్లీ స్టార్ట్ కాదేమోనని నేనే ఆపొద్దన్నాను. బానెట్ ఎత్తాను. అవ్వ కుంకుమ పట్టుకుని వంగింది.

"చెయ్యి తగలనివ్వకు అమ్మా. కాలిపోతుంది," అన్నాను.

ఆమె అరచెయ్యి కాస్త దూరంలో పెట్టి ఆ సెగ చూసింది. "అయ్యో, ఎంత కాగినవ్ తల్లీ!" అంది. చంకలో కడవ ఉంది. అందులో సగం సాక ఉంది. వేడిని చల్లార్చడమే కదా ఆమె ఆ పొద్దున చేస్తున్న పని. నేను చెయ్యి చాచేలోపల మొత్తం ఇంజన్ మీద కుమ్మరించేసింది.

టంగుమంది. ఒక్కసారే. ఆవిరి లేచింది, వేపాకులు మానిఫోల్డ్‌కు అంటుకుని మాడాయి. ఆ ఆవిరి పోయాక టక్ టక్ టక్ మొదలైంది. ఈసారి చప్పుడు పెద్దది. పగులు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా పోయింది. వేలు పట్టేంత సందు.

"ఏటైనాది గురువుగారూ?" అన్నాడు డ్రైవర్.

పగులు వైపు చూపించాను. పొగ అప్పుడే కారులోకి పోతోంది. బాపు దగ్గడం మొదలుపెట్టాడు. తలుపు తీసి ఆయన్ని బయటికి తెచ్చాం. సుబేదార్ సాబ్ సెట్టు అందుకున్నాడు.

"మానిఫోల్డ్ పగిలింది సాబ్. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఓవర్."

"పగిలింది. పొగ లోపలికి వస్తోంది. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత, "ఇంజన్ ఆపండి. పెద్దాయన్ని ఎక్కించొద్దు. నేను వస్తున్నా. ఓవర్."

అవ్వ ఖాళీ కడవ పట్టుకుని మా మొహాలు చూస్తోంది. ఒక్కొక్కరినీ చూసి చివరికి నా దగ్గర ఆగింది. "నేను పోసినందుకేనా కొడుకా?" అంది.

బాపు దగ్గు మధ్యలోనే అందుకున్నాడు.

"నీ మొఖం! నీళ్లకు ఇనుము పలుగుతదానే? గది పాత పలుగుడే. వీళ్లకు పని సక్కగ రాలె. ఏం ఉస్తాద్?"

ఆ ‘ఏం ఉస్తాద్’ అన్నప్పుడు నా కళ్లల్లోకి చూశాడు. ఆ టంగుమన్న చప్పుడు ఏమిటో ఆయనకు నాకంటే ముందు తెలుసు. చుట్టూ ఊరంతా నిలబడి వింటోంది.

"అవునమ్మా," అన్నాను. "నా పనే కుదరలేదు. నీదేం లేదు."

అవ్వ ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత నన్ను తిట్టింది కూడా. తిట్టనిచ్చాను.

సీఓ సాబ్ జీపులో వచ్చాడు. చూశాడు. వచ్చే నెల కొత్తది పోయించి మళ్లీ పెట్టుకుందాం అన్నాడు హిందీలో. "నా దగ్గర వచ్చే నెల లేదు సాబ్," అన్నాడు బాపు, తనూ హిందీలోనే. ఊరి కుర్రాళ్లు ముందుకొచ్చారు. "తాతా, నువ్వు స్టీరింగ్ పట్టు, మేం ఆ మూలదాంక నూకుతం," అన్నారు.

"నూకుతే నడిచేది బండేందిరా? గది పాడె," అన్నాడు.

బాపు కాసేపు కట్ట వైపు చూశాడు. కనుచూపు మేర ఖాళీ రోడ్డు. ఆ చివర షామియానా. డ్రైవర్ వైపు తిరిగి, "ఇంజన్ బందే ఉన్నది గద? దిగు," అన్నాడు. డ్రైవర్ దిగాడు. బాపు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

సీటు సర్దుకున్నాడు. అద్దం సర్దుకున్నాడు. క్లచ్ తొక్కి మొదటి గేర్ వేశాడు. కారు కదల్లేదు, కదలదు కదా. కాసేపు ఆగి రెండో గేర్ వేశాడు. మూడు వేశాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద, చూపు ముందున్న రోడ్డు మీద. ఎదురుగా ఏదో వచ్చినట్టు కొంచెం ఎడమకు తిప్పి మళ్లీ సరిచేశాడు. మేమందరం కారు చుట్టూ నిలబడ్డాం. ఆయన ఎవర్నీ చూడలేదు. వెనక ఒక షేర్ ఆటో వచ్చి హారన్ కొట్టబోయి, ఎందుకో మానేసి ఆగిపోయింది. కట్ట ఆ చివర రోడ్డు కుడివైపు తిరుగుతుంది. అక్కడికి చేరాననుకున్నాడేమో, గేర్ తగ్గించాడు. కిటికీలోంచి కుడి చెయ్యి బయటికి చాపాడు. పాతకాలం డ్రైవర్ల సైగ. కుడివైపు తిరుగుతున్నాను, వెనకవాళ్లు చూసుకోండి అని. చెయ్యి దించలేదు, మలుపు తిరిగిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

తర్వాత బ్రేకు తొక్కి, గేర్ తీసి, దిగాడు. కారు చుట్టూ నడిచాడు. ఒక్కొక్క టైరును కాలితో తట్టాడు. బానెట్ దగ్గర ఆగి ఆ పగులును చూశాడు. వచ్చి సీఓ సాబ్ ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"గాడీ ఠీక్ నహీఁ హై, సాబ్."

సీఓ సాబ్ చెయ్యి నుదుటి దగ్గరే ఉండిపోయింది. ఆ ఒక్క అబద్ధం ఆడితే డ్యూటీ తీరిపోయేది. అవ్వ కోసం ఊరంతా వినేలా అబద్ధమాడిన మనిషి, బండి విషయంలో ఆడలేకపోయాడు. బాగోలేని బండిని ఫౌజులో ఎవరూ అప్పజెప్పించుకోరు. ఆయనకూ తెలుసు, సీఓ సాబ్‌కూ తెలుసు. బాపు చెయ్యి దించి అవ్వ భుజం పట్టుకుని ఇంటివైపు నడిచాడు.

మర్నాడు టెంటు పీకాం. కారును ట్రెయిలర్ ఎక్కించి టార్పాలిన్ కప్పాం. బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, లేవలేదు. మేం సాగర్ రోడ్డు ఎక్కేసరికి ఆయన పక్క చెలకలో జేసీబీ దిగుతోంది.

ఫౌండ్రీలో మూడో పోత వచ్చే లోపలే బాపు పోయాడని కబురు వచ్చింది. ఆ మానిఫోల్డ్ నేనే బిగించాను. కారు ఇప్పటికీ నడుస్తుందట. ఎవడిక్కావాలి.

మొన్న మా లిఫ్టులో ఇబ్రహీంపట్నం ఆయనొకడు కలిశాడు. మాటల్లో ఫౌజీ బాపు సంగతి వచ్చింది. "కారు ఖరాబ్ జేసిండట గదా ఎవడో మెకానిక్. పాపం ముసలోడు," అన్నాడు. అవ్వ ఉందా అని అడిగాను. పోయిన ఏడు పోయిందన్నాడు. చివరిదాకా ఆ మెకానిక్‌నే తిట్టేదట. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు సంగతి తెలియకుండానే ఆమె పోయింది. ఇక ఎవరికి చెప్పినా ఫరవాలేదు కాబట్టి ఇప్పుడు చెప్పాను.

మంచు మర్చిపోయాను, కాల్పులు మర్చిపోయాను. ఆ చెయ్యి మాత్రం పోదు. ఇంజన్ ఆగిన కారు, ఎండిన చెరువు కట్ట, కిటికీలోంచి బయటికి చాపిన ముసలి చెయ్యి. నేను తిరుగుతున్నాను, చూసుకోండి అంటూ.